నడక సరే, నూనె క్యాన్ సంగతేమిటి?

బళ్ళారి ఎండ సంగతి తెలిసిందే, అందుకే ఇక్కడ నడిచేవాళ్లంతా చీకటితోనే రోడ్డెక్కుతారు. కోట గుట్ట కింద, మైదానాల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: "అన్నం మానేసినా, రొట్టె తింటున్నా, రోజూ నడుస్తున్నా, బరువు మాత్రం దిగట్లేదప్పా!" వీళ్లెవరూ అబద్ధమాడటం లేదు. లెక్కే ఎక్కడో తప్పుతోంది.

ముందు రొట్టె సంగతి చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చేసిన పట్టికల్లో వంద గ్రాముల జొన్నలకు 334 కేలరీలు, అంతే బియ్యానికి 356. తేడా ఇరవై చిల్లర! జొన్నల్లో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, చక్కెర జబ్బువాళ్లకూ మేలే, కాదనను. కానీ రొట్టె మన పళ్లెంలోకి ఒంటరిగా రాదు. గుత్తివంకాయ, శెనక్కాయల పొడి, ఆ పొడి మీద మళ్లీ నూనె చుక్క. చుక్క అన్నది మాటవరసకే.

"మా తాతలు జొన్నలు తిని సన్నగా ఉండేవాళ్లు" అంటారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట వచ్చి, కాలవ నీళ్లు సిరుగుప్ప వైపు వరిని పరవక ముందు ఇక్కడి నల్లరేగడిలో పండింది జొన్నా కొర్రానే, నిజమే. ఆ తాతలు గుంటక తోలారన్న సంగతి మాత్రం మరిచిపోతాం. ఊరి పక్కనే ఉన్న సంగనకల్లు గుట్టల్లో వేల ఏళ్ల కిందటి మనుషులు అండుకొర్రలు, ఉలవలు తిన్నట్టు తవ్వకాల్లో తేలింది. ఆ అండుకొర్రలే ఇప్పుడు బరువు తగ్గించే గింజలని ప్యాకెట్లలో అమ్ముతున్నారు. సంగనకల్లు వాళ్లు వాటిని తిని రోజంతా రాతి గొడ్డళ్లు చెక్కారు, అది ప్యాకెట్ మీద రాయరు.

ఇక నడక అయ్యాక ఏం జరుగుతుంది? ఉగ్గాణి బండి. బొరుగులు నీళ్లలో ముంచి పిండుతాడు. బాణలిలో నూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, ఆపైన పుట్నాల పొడి. పక్కన నూనెలోంచి అప్పుడే తీసిన మిరపకాయ బజ్జీలు రెండు. ఉగ్గాణి తేలికైన టిఫిన్ అని మనందరి నమ్మకం, చేతికి తేలిగ్గా ఉంటుంది కదా! డెబ్భై కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 50 కేలరీలు. నాలుగు కిలోమీటర్ల నడకను ఆ రెండు బజ్జీలే మింగేస్తాయి. ఉగ్గాణి అదనం.

బండి దగ్గర ఆగనివాళ్లకు ఇంట్లో లెక్క ఉంది. నడిచే మగవాడికి వంటింట్లో ఏం జరుగుతోందో తెలియదు. "కూరకు నూనె ఎంత పోస్తావు వదినా?" అని అడగండి, "చూసే పోస్తాలే" అంటుంది. చూసి పోసిన నూనెకు కొలత నెలాఖరున ఖాళీ అయిన క్యానే. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లయితే తలా రోజుకు 38 గ్రాములు, అంటే దాదాపు 340 కేలరీలు. పోషకాహార సంస్థ 2000 కేలరీల పళ్లెంలో నూనెకూ కొవ్వుకూ కలిపి ఇచ్చింది 27 గ్రాములే. అన్నం మానేసిన మనిషి వంటింటి నుంచి ఈ ఒక్క లెక్క తెప్పించుకోడు. నా మటుకు నేను అడుగుల లెక్క చెప్పే వాచీ కంటే కొలత గిన్నె కొనమంటాను.

ఇలా లెక్క తప్పడం మన ఒక్కరి బలహీనతా కాదు. 1992లో న్యూయార్క్ పరిశోధకులు, 1200 కేలరీల లోపే తింటున్నా బరువు తగ్గడం లేదన్నవాళ్లను పరీక్షించారు. వాళ్ల ఒంట్లో కేలరీల ఖర్చు మామూలుగానే ఉంది. తిన్నదాన్ని 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. మోసం చేద్దామని కాదు, తిండి గుర్తుండదు, నడక గుర్తుంటుంది.

నూనె తగ్గించినా బరువు కదలకపోతే అప్పుడు థైరాయిడ్ పరీక్ష. చాలామంది ముందే అక్కడికి పరిగెడతారు, థైరాయిడ్ మందగించినా దానివల్ల పెరిగేది సాధారణంగా కొన్ని కిలోలే, అందులోనూ చాలావరకు నీరు. ఆడవాళ్లకు పీసీఓఎస్ ఉందేమో చూడాలి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వైద్యపు మందులు బరువు పెంచుతాయి. అలాగని డాక్టర్‌ను అడక్కుండా మానేయకూడదు.

కాటా రోజూ ఎక్కకండి. పెళ్లి భోజనంలో ఉప్పుకే మర్నాడు కిలో నీరు చేరుతుంది. నడుముకు టేపు పెట్టండి: మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదంటారు వైద్యులు. టేపు లేకపోతే మొలతాడుంది, బిగుసుకుందో వదులైందో దానికి తెలుసు.