బీఏ అయినంక ఏంది?

చిట్యాలలో హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డ బీఏ పిల్లల చేతుల్లో ఎక్కువగా గ్రూప్స్ పుస్తకాలే. తప్పేం లేదు, గ్రూప్-2లో 150 మార్కుల పేపరొకటి పూర్తిగా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీదే. బీఈడీ చేస్తే డీఎస్సీ ఉండనే ఉంది.

మా మనసు మాత్రం సామాజిక తనిఖీ మీద ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో దానికోసమే ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. ఉపాధి హామీ మస్టర్ రోల్ పట్టుకొని ఇంటింటికీ పోయి, "అవ్వా, ఎన్ని రోజులు పనికి పోయినవ్? చేతికెంత కూలొచ్చింది?" అని అడగాలి. తేడా వస్తే ఊరందరి ముందు చదివి వినిపించాలి. అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివిన బిడ్డకు ఇంతకన్నా దగ్గరి పనేముంది? ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన ఈ జిల్లాలో ఆరోగ్య సర్వేలకూ అలాంటి పిల్లలే కావాలి.

ఈ తనిఖీ, సర్వే పనులు పర్మినెంట్ కొలువులు కావు. లోపలి పేజీల్లో ఆ సంగతీ దాచకుండా రాయించాం. పిల్లలతోపాటు అమ్మానాన్నలూ వాటిని చదవాలని మా కోరిక.