రోజుకి 9 ఇంటూలు

ఉదయం అయిదున్నర. అలారం మోగుతోంది. ఫోన్ నా తలకి రెండడుగుల దూరంలో, టేబుల్ మీద ఉంది. చెయ్యి చాపితే ఆపేయొచ్చు. చెయ్యి చాపాలంటే ముందు పక్కకి తిరగాలి. పక్కకి తిరగాలంటే నడుము ఒప్పుకోవాలి. అది ఒప్పుకోలేదు. పక్క మంచం మీద నుంచి రూమ్మేట్, దుప్పటి ముసుగులోంచే, "అది ఆపవే తల్లీ" అంది. "ఆపుతున్నా" అన్నాను, కదలకుండా.

నాకు 28 ఏళ్లు. ఊరు తెనాలి, ఉద్యోగం హైదరాబాద్‌లో. నడుము నొప్పి మొదలైనప్పుడు 23. ఎవరికి చెప్పినా ఒకటే మాట: "ఐటీ వాళ్లందరికీ ఉండేదేగా!" నేనూ అదే అనుకుని కుర్చీ మార్చాను, పరుపు మార్చాను, చివరికి పీజీ కూడా మార్చాను. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే సంతోషించాలి కదా. కానీ తెల్లవారుజామున మూడింటికి నొప్పి లేపి కూర్చోబెడుతుంటే, ఏమీ లేకపోవడం ఏంటో అర్థమయ్యేది కాదు.

26 ఏట ఒక రుమటాలజిస్ట్ రక్తపరీక్షలు, ఎమ్మారై చేయించి పేరు చెప్పారు: యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముక అడుగున, కటి ఎముకతో కలిసే చోట ఉండే కీళ్లలో వాపు వస్తుంది. తరచుగా ఇరవైల్లోనే మొదలవుతుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. మామూలు నడుము నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరిగి, కదిలితే సర్దుకుంటుంది. అంటే "కాస్త రెస్ట్ తీసుకో అమ్మా" అని అందరూ ప్రేమగా చెప్పిన సలహా నాకు సరిగ్గా రివర్స్ అన్నమాట.

మందులు వాడుతున్నాను, వ్యాయామం చేస్తున్నాను. వైద్యం అదే. ఈవారం నేను చెప్పబోయేది వైద్యం కాదు, సూదీ దారం గురించి.

పేరు తెలిసిన కొత్తలో పదిరోజులు సెలవు పెట్టి ఇంటికెళ్లాను. అమ్మ బీరువా సర్దుతూ పాత మూట ఒకటి విప్పింది. మ్యాటీ క్లాత్ మీద కుట్టిన టీవీ కవరు, రెండు చిలకలు, ఒక కుక్కపిల్ల, 'వెల్‌కమ్' అనే అక్షరాలు. మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. లేకపోతే మీ అమ్మమ్మగారింట్లో ఫ్రిజ్ మీద చూడండి. పెళ్లికి ముందు కుట్టిందట. "ఇదేముందే, అన్నీ ఇంటూ మార్కులే. గడి లెక్క తప్పకపోతే చాలు" అంది.

నేను ఆ చిలకని ఫోన్‌లో జూమ్ చేసి చూశాను. ఒక్కో గడి, ఒక్కో ఇంటూ. ఒక్కో ఇంటూ, ఒక్కో పిక్సెల్! స్కూల్లో ఇంటూ అంటే తప్పు. ఇక్కడ ఇంటూ లేకపోతే బొమ్మే లేదు.

అమ్మ రెండే సూత్రాలు నేర్పింది. ఒకటి, దారానికి ముడి వేయకు. ఒక పోగుని సగానికి మడిచి రెండు కొసలూ సూదిలో ఎక్కిస్తే, అవతల ఉచ్చులా మిగులుతుంది. మొదటి కుట్టు ఆ ఉచ్చులోంచి తీస్తే ముడి అక్కర్లేకుండానే బిగుస్తుంది. రెండోది, ఇంటూలో పైన పడే గీతలన్నీ ఒకే వైపు వాలాలి. నాది ఎడమచేతి వాటం. నావి అమ్మవాటికి ఎదురుగా వాలాయి. "పర్లేదులే, నీవి అటు వాలితే అన్నీ అటే వాలాలి. కలగాపులగం చేస్తే బట్ట మెరుపు పోతుంది" అంది.

హైదరాబాద్ తిరిగొచ్చాక సికింద్రాబాద్ జనరల్ బజార్ వెళ్లి సరుకు తెచ్చుకున్నాను. 14 కౌంట్ బట్ట, అంటే అంగుళానికి 14 గడులు. మొన మొద్దుగా ఉండే 24 నంబరు సూది. దారం ఆరు పోగులుగా వస్తుంది, ఈ బట్టకి రెండు పోగులు సరిపోతాయి. ఇంత తక్కువ సరుకుతో మొదలయ్యే హాబీ ఇంకోటి నాకు తెలీదు.

ఇంజినీర్ బుద్ధి ఊరుకుంటుందా! ఎవరో గీసిన చిలక ఎందుకు, మన బొమ్మ మనమే చేసుకుందాం అని పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశాను. ఫొటో ఇస్తే దాన్ని 140 గడుల వెడల్పు, 140 గడుల ఎత్తుకి కుదించి, ప్రతి గడికీ దగ్గరి దారం రంగు వెతికి, గుర్తులతో చార్ట్ ఇస్తుంది. తెనాలి ఇంటి వాకిట్లో అమ్మమ్మ ముగ్గేస్తున్న ఫొటో ఇచ్చాను. స్క్రీన్ మీద అద్భుతంగా వచ్చింది. 42 రంగులు, 19,600 ఇంటూలు. కుట్టడం మొదలుపెట్టాక తెలిసింది, అది మనిషి చేతికి కాదు, ప్రింటర్‌కి గీసిన బొమ్మ అని. ఆకుపచ్చ మధ్యలో ఒక్క గోధుమరంగు ఇంటూ, దాని పక్కన ఒక్క బూడిదరంగు ఇంటూ. ఒక్క కుట్టు కోసం దారం ఎక్కించు, కుట్టు, వెనక్కి తిప్పి కొస దాచు, కత్తిరించు. ఈ చిందరవందర చుక్కల్ని కుట్టేవాళ్లు 'కాన్ఫెట్టి' అంటారు. పేరు పండగలా ఉంటుంది కానీ భుజానికి పండగేమీ ఉండదు.

అయినా మొండితనం. ఒక శనివారం నొప్పి బాగా తక్కువగా ఉంది. ఇలాంటి రోజు మళ్లీ దొరుకుతుందో లేదోనని ఆరు గంటలు కదలకుండా కూర్చుని కుట్టాను. ఇన్‌స్టాలో స్టోరీ కూడా పెట్టాను. ఆదివారం మంచం దిగలేదు. సోమ, మంగళ సెలవు. మేనేజర్‌కి వైరల్ ఫీవర్ అని మెసేజ్ పెట్టాను. జ్వరం అందరికీ అర్థమవుతుంది కాబట్టి.

ఫిజియోథెరపీ ఆవిడకి మాత్రం నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "బాగున్న రోజు అప్పు చేస్తున్నారు, బాగాలేని రోజు వడ్డీతో కడుతున్నారు" అన్నారు. నొప్పి వచ్చాక ఆపడం కాదు, రాకముందే ఆపాలట. ఇరవై నిమిషాలకి టైమర్. మోగిందా, వరుస మధ్యలో ఉన్నా సరే, సూది బట్టకి గుచ్చి లేచి నడవాలి. వరుస పూర్తిచేయకుండా లేవడం ఎంత కష్టమో మీకు తెలియాలంటే, వెబ్ సిరీస్ ఎపిసోడ్ చివరి రెండు నిమిషాలప్పుడు టీవీ కట్టేసి చూడండి.

అప్పుడు స్క్రిప్ట్‌ని మార్చాను. చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఏ ఒక్కదాంతోనూ రంగు కలవని ఒంటరి ఇంటూ కనిపిస్తే, దాన్ని చుట్టుపక్కల ఎక్కువగా ఉన్న రంగులో కలిపేయమన్నాను. రంగులు 42 నుంచి 15కి దించాను. బొమ్మ కొంచెం మొరటుగా అయింది. అమ్మమ్మ ముఖంలో వివరం తగ్గింది, కానీ ముగ్గేస్తూ వంగిన ఆ వంపు అలాగే ఉంది. అప్పటిదాకా బొమ్మకి తగ్గట్టు ఒళ్లు వంచాలని చూశాను. ఆరోజు మొదటిసారి ఒంటికి తగ్గట్టు బొమ్మని వంచాను.

ఆ బొమ్మ ఇప్పటికీ సగమే అయింది. దానికి తొందర లేదు. ఈలోగా ఇంకోటి మొదలైంది, అసలు కథ దానిదే.

డాక్టర్‌గారు వెళ్లిన ప్రతిసారీ అడుగుతారు: "సున్నా నుంచి పది వరకూ, ఈ నెలంతా నొప్పి ఎలా ఉంది?" నేను ప్రతిసారీ, "పర్లేదండీ" అనేదాన్ని. అబద్ధం కాదు. నిజంగానే గుర్తుండదు. నొప్పి తగ్గిన రోజున నొప్పి ఎక్కువున్న రోజు గుర్తురాదు. పైగా మనకి చిన్నప్పటి నుంచీ అలవాటైన జవాబు అది. అన్నం పెట్టనా అంటే పర్లేదు. బస్సులో నిలబడతావా అంటే పర్లేదు. ఎలా ఉన్నావంటే పర్లేదు. డైరీ యాప్‌లు మూడు వేసుకున్నాను. నాలుగు రోజులు నింపి వదిలేశాను. రోజు తప్పితే 'మీ స్ట్రీక్ పోయింది' అని నోటిఫికేషన్ పంపేవి. నొప్పితో లేవలేనిదాన్ని పట్టుకుని స్ట్రీక్ పోయిందంటే ఎలా ఉంటుంది!

అందుకే బట్ట మీదే డైరీ గీసుకున్నాను. రోజుకి మూడు గడుల వెడల్పు, మూడు గడుల ఎత్తు. అంటే 9 ఇంటూలు. ఎంత చెడ్డ రోజైనా ఐదారు నిమిషాల పని, అదీ వంటగట్టు దగ్గర నిలబడి కుట్టేయొచ్చు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వరుస. అలాంటివి 52 వరుసలు. ఏడాదంతా కలిపి 3,276 ఇంటూలు, ఒకటిన్నర అంగుళం వెడల్పు, 11 అంగుళాల పొడవు, ఒక పట్టీ అంతే. రంగులు ఐదు: నిమ్మపండు, మామిడిపండు, ఇటుక, వంకాయ, నేరేడు. అసలు నొప్పి లేని రోజు నిమ్మపండు, మంచం దిగలేని రోజు నేరేడు. కుట్టలేకపోతే ఖాళీ గడి. ఖాళీ కూడా ఒక సమాధానమే.

నాలుగు నెలలయ్యాక ఓ రాత్రి పట్టీని గోడకి ఆనించి చూశాను. శుక్ర, శని గడులు వారం విడిచి వారం వంకాయ, నేరేడు. సోమవారాలు దాదాపు అన్నీ ఇటుక. మా టీమ్‌లో రెండు వారాలకోసారి గురువారం రాత్రి రిలీజ్ ఉంటుంది. రాత్రి రెండింటి దాకా కుర్చీలోంచి లేవను. ఇక ఆదివారం? వారమంతా అలసిపోయానని రోజంతా మంచం మీదే. కదలకుండా కూర్చున్న గురువారం, కదలకుండా పడుకున్న ఆదివారం. బట్ట కారణం చెప్పదు, ఆనవాలు మాత్రం చూపిస్తుంది. డాక్టర్‌గారు ఆ పట్టీని చాలాసేపు చూసి, "ఇన్నాళ్లూ పర్లేదు అన్నది దీన్నా?" అన్నారు. ఆరోజే మందు మార్చే మాట వచ్చింది.

తర్వాతిది మా టీమ్ లీడ్. ఆయన్ని అందరం 'అన్నా' అనే పిలుస్తాం. కాఫీ మెషీన్ దగ్గర పట్టీ ఫొటో చూపించాను. "ఇదేంటి, గిట్‌హబ్ గ్రాఫా?" అన్నాడు. "అలాంటిదే అన్నా. కాకపోతే ఇందులో ముదురు రంగు ఉంటే పని జరగనట్టు" అన్నాను. నవ్వబోయి ఆగాడు. వైరల్ ఫీవర్ల సంగతి కూడా అప్పుడే చెప్పేశాను.

రిలీజ్ రాత్రులు వంతులవారీగా అయ్యాయి. నాకు మర్నాడు పొద్దుటి చెకింగ్ ఇచ్చారు. బాగుంది. కానీ నేను ఆశపడిన కొత్త ప్రాజెక్టు ఇంకొకరికి వెళ్లింది. "ముందు నీ హెల్త్ చూసుకో" అన్నాడు అన్న, ఎంతో మర్యాదగా. చెప్పడం వల్ల ఏమీ పోదు అని మీకు నేను చెప్పలేను. ఒకటి దొరికింది, ఒకటి పోయింది. అయినా లేని జ్వరానికి దగ్గు నటించడం కంటే ఇదే నయం అనిపిస్తోంది ఇప్పటికైతే.

పోయిన నెల అమ్మ వచ్చింది. అమ్మ భయం వేరు. "సంబంధాలు చూస్తున్నాం, ఈ నొప్పి సంగతి ఎవరికీ చెప్పకే" అంటుంది. చెప్పాలా వద్దా అన్నది మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు. ఆ వారం భుజం కూడా పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు. రాత్రి అన్నాలయ్యాక అమ్మ కళ్లజోడు పెట్టుకుని పట్టీ ఒళ్లో వేసుకుంది. సూదిలోకి దారం ఎక్కించడానికి సిద్ధంగా కూర్చుని, "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగింది.

"పర్లేదమ్మా."

"పర్లేదు అనే రంగు ఇందులో లేదుగా."

కాసేపు ఆగి, "నేరేడు" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. నేరేడు రంగు దారం తీసి, సగానికి మడిచి, ముడి లేకుండా 9 ఇంటూలు కుట్టింది.

మీలో ఎవరికైనా నడుము నొప్పి మూడు నెలలు దాటి, పొద్దున్నే ఒళ్లు కొయ్యబారి, కదిలితే సర్దుకుంటుంటే, ఒకసారి రుమటాలజిస్ట్‌ని కలవండి. నాలాగా పరుపులు మారుస్తూ కూర్చోకండి.

పట్టీ ఇప్పుడు 31వ వరుసలో ఉంది. మామూలుగా చూస్తే అన్ని గడులూ ఒకేలా ఉంటాయి. దీపం కింద పెట్టి కొంచెం వంచితే మాత్రం ఒక నేరేడు గడి వేరేగా మెరుస్తుంది. అందులో ఇంటూలు నావాటికి ఎదురుగా వాలి ఉన్నాయి. విప్పి మళ్లీ కుట్టమంది అమ్మ. నేను కుట్టలేదు.