అద్దాల పెట్టెలో మా అవ్వ

ఆ మధ్య మా సంఘం వాళ్లతో కలిసి ఒక గిరిజన ప్రదర్శనశాలకు వెళ్లాను. అద్దాల వెనక ఒక ఆడబొమ్మ. అద్దాలు కుట్టిన పేటియా, కాంచళి, చేతుల నిండా తెల్లటి గాజులు. అచ్చం మా అవ్వ. కింద చీటీ మీద రెండు ముక్కలు: ‘లంబాడీ స్త్రీ, సంప్రదాయ దుస్తులు’. ఆ బట్టలు ఎవరు కుట్టారో లేదు. ఇవాళ ఎందుకు కట్టుకోవడం లేదో అసలే లేదు.

నాది ఆత్మకూరు దగ్గర తండా. తెలంగాణలో లంబాడీలంటారు, మా సీమలో సుగాలీలంటారు, మాకు మేం గోర్‌లం. 17వ శతాబ్దంలో మొగలు సైన్యాలకు ఎద్దుల మీద ధాన్యం మోస్తూ దక్కనుకు వలస వచ్చారు మా పెద్దలు. తర్వాత రైళ్లొచ్చి ఆ బతుకుతెరువు పోయింది. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చి, చాలాచోట్ల మావాళ్లకు దొంగల ముద్ర వేశారు. 1952లో చట్టం రద్దయింది. ముద్ర పోలేదు. సంతలో, బస్సులో మా అవ్వను చూడగానే జనం మూటలు దగ్గరకు లాక్కునేవాళ్లట. ఆ చూపు భరించలేకే మా యాడి పేటియా విడిచి చీర కట్టింది.

నేను చుడీదార్ వేసుకున్నాను. నా బిడ్డకు గోర్‌బోలి అర్థమవుతుంది, జవాబు మాత్రం తెలుగులో చెబుతుంది. బిడ్డ కుల సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు వెళితే, అక్కడాయన ఎగాదిగా చూసి ‘మీరు సుగాలీల్లా లేరే’ అన్నాడు. అవ్వను అలా ఉన్నందుకు అనుమానించారు. మమ్మల్ని అలా లేనందుకు అనుమానిస్తున్నారు. ఆయన బుర్రలో ఉన్నది ఆ అద్దాల పెట్టెలో బొమ్మే.

మావాళ్లను మాత్రం ఎందుకు వదలాలి? ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి వచ్చిందంటే మమ్మల్ని పేటియాలు కట్టి ఆడమంటారు. తండా పెద్దలు ప్యాంటూ చొక్కాలతో కుర్చీల్లో కూర్చుంటారు. మగవాడు ధోతీ, తలపాగా ఎప్పుడు వదిలాడని ఎవరూ లెక్క అడగలేదు. జాతి గుర్తు మోసే పని ఆడదానిదే, దించితే ‘సంస్కృతి పోయింది’ అన్న నిందా ఆడదానికే.

2023 జూలైలో హంపిలో జి-20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ కెక్కింది. సంతోషమే. ఒక్కో కుట్టుకు ఆ చేతులకు దక్కే కూలి ఎంతని కూడా మనం అడగాలి కదా?

ప్రదర్శనశాలలు వద్దనడం లేదు. నా బిడ్డను నేనే తీసుకెళ్లాలనుకుంటున్నాను. అవ్వ పేటియా పక్కన యాడి చీర, నా చుడీదారు కూడా పెట్టండి. 1871 చట్టం గురించి రాయండి. గోర్‌బోలికి సొంత లిపి లేదు కాబట్టి మా ముసలమ్మల గొంతులు వినిపించండి. ఏం పెట్టాలో, ఏం రాయాలో తేల్చే కమిటీలో తండా ఆడవాళ్లను కూర్చోబెట్టండి.

ఇక మన సంగతి. మన క్యాలెండర్ల మీద, నివేదికల అట్టల మీద నవ్వుతున్నదీ ఆ బొమ్మే కదా! ఈసారి ఫొటో వేసే ముందు, ఆమె పేరేమిటో, ఆ ఫొటో వేయడం ఆమెకు ఇష్టమేనో అడుగుదాం. అక్కడి నుంచే మొదలుపెడదాం.