కొనే ముందు: రేసు ఆటకు కంప్యూటర్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మిల్లు కాలనీ నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. వాళ్ళాయనకు రింగ్ ఫ్రేమ్‌లో పని. దీపావళి బోనసూ, చీటీ డబ్బూ కలిపితే 60 వేలు చేతికొస్తాయట. అబ్బాయి డిప్లొమా రెండో ఏడు. సిమ్ రేసింగ్ ఆడడానికి గేమింగ్ కంప్యూటర్ కావాలంటున్నాడు. షాపులో లక్షా పదివేల ల్యాప్‌టాప్ చూపించి, "కంతుల్లో కట్టుకోండి" అన్నారట. ఆడపిల్ల వచ్చే ఏడు కాలేజీలో చేరాలి. "అన్నా, ఇది ఆటబొమ్మా, పనికొచ్చే వస్తువా? మా డబ్బులో అయ్యే పనేనా?" అని అడిగింది.

అయ్యే పనే చెల్లెమ్మా. కాని ల్యాప్‌టాప్ వద్దు, కంతులూ వద్దు. ఎందుకో చెప్తాను. ఇలాంటి అబ్బాయిలు మన కాలనీల్లో ఇంకా ఉన్నారు కాబట్టి అందరూ చదవండి.

ముందు ఆ ఆట ఏమిటో తెలియాలి. ఫోన్‌లో పిల్లలు ఆడే కారు ఆట వేరు, ఇది వేరు. ఇందులో టైరు వేడెక్కితే పట్టు మారుతుంది. బ్రేకు అదిమి తొక్కితే చక్రం బిగుసుకుని బండి జారుతుంది. స్టీరింగ్ లోపల ఒక మోటారు ఉండి, రోడ్డు ఎలా ఉందో చేతికి తెలిసేలా వెనక్కి తోస్తుంది. అసలు రేసు డ్రైవర్లు కూడా తెలియని ట్రాకును ఇలాంటి వాటి మీద ముందుగా నేర్చుకుంటారు. బ్రిటన్ కుర్రాడు జాన్ మార్డెన్‌బరో ఆటలో పోటీ నెగ్గి 2011లో నిస్సాన్ వారి శిక్షణలో చేరాడు, తర్వాత నిజంగానే ల మాన్స్ రేసులో కారు నడిపాడు. అలాంటివాళ్ళు ఎక్కడో ఒకరిద్దరు. మీవాడు రేసరై సంపాదిస్తాడని నమ్మి మాత్రం ఈ డబ్బు పెట్టకండి. ఇష్టమైన విద్యకు పెడుతున్నామనుకుని పెట్టండి.

మా కోయంబత్తూరుకు రేసు కొత్త కాదు. ఈ ఊరి ఎస్. కరివర్ధన్ మారుతి కారు ఇంజిన్ తీసుకుని ఫార్ములా మారుతి అని చవక రేసు కారు కట్టించారు. ఈ ఊరి నారాయణ్ కార్తికేయన్ మొదటి కారు రేసు అందులోనే. ఆయనే 2005లో ఫార్ములా వన్‌కు వెళ్ళిన మొదటి భారతీయుడు. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన ట్రాకుకు కరివర్ధన్ పేరే పెట్టారు. దొరికే సామానుతో, అందే ఖర్చుతో మొదలుపెట్టడం ఆయన పద్ధతి. కంప్యూటర్ విషయంలో నేను చెప్పేదీ అదే.

షాపుకు వెళ్ళి "మంచి గేమింగ్ కంప్యూటర్ ఇవ్వండి" అని అడగకూడదు. ఏ ఆట ఆడతాడో, ఏ తెర మీద ఆడతాడో ముందు రాసుకుని వెళ్ళాలి. అసెట్టో కోర్సా అనే ఆట 2014ది. పాతదైనా ఇంకా ఎందరో ఆడుతున్నారు, తక్కువ కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. దాని తర్వాత 2019లో వచ్చిన అసెట్టో కోర్సా కాంపిటీజియోనే బరువైనది. రాత్రీ వానా అన్నీ ఉంటాయి. బాగా ఆడాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలని తయారుచేసినవాళ్ళే చెప్తారు. ఐరేసింగ్‌కు చందా కట్టాలి, పైగా చాలా కార్లూ ట్రాకులూ విడిగా కొనాలి. కంప్యూటర్ కొన్నాక కూడా డబ్బు అడుగుతూనే ఉంటుంది కాబట్టి మన ఇళ్ళకు అది ఇప్పుడే వద్దు. రేస్‌రూమ్ అనేదాన్ని ఊరికే దింపుకోవచ్చు, కొన్ని కార్లు అందులోనే వస్తాయి.

తర్వాత ఫ్రేముల లెక్క. తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో అదే ఫ్రేములు. 60 నిలకడగా వస్తే మనకు చాలు. షాపువాళ్ళు "సగటున 90 వస్తుంది" అంటారు. నూలు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కోను మీద సగటు కౌంటు సరిగానే ఉంటుంది, మధ్యలో ఒక్క సన్నచోటు వచ్చిందంటే పోగు తెగుతుంది. ఇక్కడా అంతే. మలుపులో బ్రేకు తొక్కే క్షణాన బొమ్మ ఆగిందా, కారు గోడకు తగులుతుంది. అందుకే సగటు అడక్కండి, తక్కువలో తక్కువ ఎంతకు పడుతుందో అడగండి. వీలైతే ఆట అక్కడే పెట్టించి, ఇరవై కార్ల రేసులో చివరి స్థానం నుంచి మొదలుపెట్టి చూడమనండి. ముందు కార్లన్నీ కనిపిస్తూ ఉంటే ప్రాసెసర్ మీదా గ్రాఫిక్స్ కార్డు మీదా బరువు పూర్తిగా పడుతుంది. అక్కడ నిలిచిందంటే ఎక్కడైనా నిలుస్తుంది.

ల్యాప్‌టాప్ ఎందుకు వద్దంటున్నానంటే, అందులో గ్రాఫిక్స్ కార్డు మార్చడానికి వీలుండదు. మన ఎండల్లో వేడెక్కితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. పెట్టె అయితే మగ్గం లాంటిది, ఏ భాగం పోతే ఆ భాగం మార్చుకోవచ్చు. ఈ ఏడు ఒకటి, వచ్చే ఏడు ఒకటి పెంచుకోవచ్చు.

కొత్త పెట్టె కట్టిస్తే ఐ3-12100ఎఫ్ గాని రైజెన్ 5 5600 గాని ప్రాసెసర్‌గా తీసుకుని, ఆర్‌ఎక్స్ 6600 కార్డు పెడితే మంచి జోడీ. కాని ఈమధ్య ర్యామ్ ధర బాగా ఎక్కింది. స్టీరింగ్‌తో కలిపితే ఈ జోడీ 60 వేలు దాటిపోతుంది. కాబట్టి ఈ చెల్లెమ్మకు నేను చెప్పేది ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్. డెల్, హెచ్‌పీ లాంటివి టవర్ రూపంలో దొరుకుతాయి. మూడు సంగతులు చూసుకోవాలి.

ఒకటి, ఐ5 అయితే 8వ తరం గాని ఆపైది గాని కావాలి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరుతో ఆగిపోయింది. 8వ తరానికి ముందు ఇంటెల్ చిప్పుల్లో దాదాపు అన్నింటినీ విండోస్ 11 ఒప్పుకోదు. రెండు, సన్నటి చిన్న పెట్టె వద్దు, పూర్తి టవరే తీసుకోండి. సన్న పెట్టెలో మామూలు కార్డు పట్టదు. మూడు, ఇలాంటి పెట్టెల్లో ఎస్‌ఎమ్‌పీఎస్ చిన్నది, బయట దొరికే మామూలు రకం చాలాసార్లు సరిపోదు. అందుకని విడిగా కరెంటు తీగ అడగని కార్డే పెట్టాలి. జీటీఎక్స్ 1650లో చాలా మోడళ్ళు అలాంటివే, 75 వాట్లతో నడుస్తాయి. ర్యామ్ ఒకే 16 జీబీ ముక్క కాకుండా రెండు 8 జీబీ ముక్కలుగా ఉంటే పని వేగంగా జరుగుతుంది. హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ఈ పెట్టె మీద అసెట్టో కోర్సా హాయిగా నడుస్తుంది. బరువైన ఆటకు బొమ్మ నాణ్యత తగ్గించుకోవాలి, అంతే.

ఇలాంటివి చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, ముంబైలో లామింగ్టన్ రోడ్డు, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దొరుకుతాయి. బిల్లు లేకుండా కొనకండి. ఎన్నాళ్ళ వారంటీయో బిల్లు మీద రాయించుకోండి.

డబ్బంతా పెట్టెకే పోసేసి, ఆఖర్న కీబోర్డుతో రేసు ఆడేవాళ్ళను చూస్తుంటాను. దానివల్ల చెయ్యీ కాలూ ఏమీ నేర్చుకోవు. లాజిటెక్ జీ29 లాంటి స్టీరింగ్ 900 డిగ్రీలు తిరుగుతుంది, మూడు పెడల్స్ వస్తాయి. వాడినది చూసి కొనొచ్చు. కొనే ముందు స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, పట్టేయకూడదు. బ్రేకు మెల్లగా తొక్కుతూ తెర మీద గీత చూడండి, దూకకుండా మెల్లగా పెరగాలి. తెరకు ఇంట్లో ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంటే దాన్నే వాడుకోండి, గేమ్ మోడ్ పెట్టడం మరవకండి. లేకపోతే స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గాని బొమ్మ కదలదు. కుర్చీ ఊగితే బ్రేకు లెక్క తప్పుతుంది. కాలనీలో వెల్డింగ్ చేసే తమ్ముళ్ళు ఎవరైనా ఇనుప యాంగిల్‌తో స్టాండు కట్టిస్తారు. పాత కారు సీటు ఒకటి దొరికితే ఇంకా మేలు.

కరెంటు సంగతి నా పని కాబట్టి గట్టిగా చెప్తాను. పాత క్వార్టర్లలో మూడో పిన్నుకు ఎర్త్ చాలాచోట్ల ఉండదు. ముందు అది వేయించండి. యూపీఎస్ 600 వీఏ అని రాసి ఉంటే సుమారు 360 వాట్లే మోస్తుంది. టీవీ, కంప్యూటర్ రెండూ ఉంటే 1000 వీఏ తీసుకోండి. ఖర్చుకు వస్తే, అన్నీ కలిపి 250 వాట్లు అనుకోండి. రోజుకు రెండు గంటలు ఆడితే నెలకు 15 యూనిట్లు. తమిళనాడులో రెండు నెలలకో బిల్లు కాబట్టి అందులో 30 యూనిట్లు ఎక్కువ పడతాయి. మీ వాడకం ఇప్పటికే స్లాబు అంచున ఉంటే అది చూసుకోండి.

ఇక లెక్క. పెట్టె, కార్డు కలిపి 30 వేలు. స్టీరింగ్ 15 వేలు. యూపీఎస్, ఎర్తింగ్ 6 వేలు. స్టాండు 2 వేలు. మొత్తం 53 వేలు. ఏదైనా ఒకటి దీన్ని దాటితే ఇంకొకటి తగ్గించాలిగాని అప్పు చెయ్యకూడదు. మిగిలిన 7 వేలు ఆడపిల్ల ఫీజుకు తీసిపెట్టండి. "నో కాస్ట్" కంతులన్నా ప్రాసెసింగ్ ఫీజు అంటూ ఏదో ఒకటి పడుతుంది. పని దినాలు తగ్గిన నెలలో కూడా కంతు ఆగదు.

ఒక్క షరతు పెట్టండి చెల్లెమ్మా. ముందు పెట్టె, కార్డు కొనండి. అబ్బాయి దాని మీద తన డిప్లొమా డ్రాయింగులు వేసుకోవాలి, చెల్లెలు చదువుకోడానికి కూడా వేళ ఇవ్వాలి. రెండు నెలలు అలా సాగితే అప్పుడు స్టీరింగ్ కొనివ్వండి. మోజు ఎంతో, ఇష్టం ఎంతో ఆ రెండు నెలల్లో తేలిపోతుంది. ఇష్టమే అయితే వాడే స్టాండు కొలతలు గీసి వెల్డింగ్ షాపుకు పట్టుకుపోతాడు. మోజైతే స్టీరింగ్ డబ్బు 15 వేలు మీ దగ్గరే ఉంటాయి, కంప్యూటర్ ఎలాగూ ఇద్దరు పిల్లల చదువుకూ పనికొస్తుంది.

వచ్చే నెల ఇన్వర్టర్ బ్యాటరీల గురించి రాస్తాను. మీ ప్రశ్నలు ఈ నెల 20లోపు పంపండి.