రెండవ కారునకు ముందొక లెక్క

ఉదయము తొమ్మిది గంటల వేళ హైదరాబాదులోని బయోడైవర్సిటీ కూడలి యొద్ద పది నిమిషములు నిలిచి చూచినవారికి, నలుగురైదుగురు కూర్చుండదగిన కార్లలో పెక్కులు ఒక్కొక్క మనిషిని మాత్రమే మోయుచు, ఆ ఒక్కని కొఱకే ఇంజనును, ఏసీని నడుపుచు, అంగుళమంగుళముగా కదలుచుండుట కనబడును. ఈ బెడద ఎవరో పరాయివారు తెచ్చిపెట్టినది కాదు. చందానగర్, నల్లగండ్ల, కొండాపూర్, మియాపూర్‌లలోని మన యిండ్ల గేట్ల నుండియే ఆ కార్లు బయలుదేరుచున్నవి. కావున వానిని తగ్గించు కార్యము సైతము మన యిండ్లనుండియే ఆరంభము కావలెనని మా నిశ్చితాభిప్రాయము.

లెక్క సులభమైనది. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో తూగును. అది మండునపుడు అందలి కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కలియుటచే, సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. రానుపోను 30 కిలోమీటర్లు తిరుగు ఉద్యోగి కారు లీటరునకు 15 కిలోమీటర్లు నడచినదనుకొన్నను, దినమునకు 4.6 కిలోలు, ఏటికి 240 పనిదినములకు 1,100 కిలోలకు పైమాటయే. ఆలుమగలిద్దరును వేర్వేరు కార్లలో పోవు ఇంట ఇది రెట్టింపగును. పిల్లవాడు ఫ్యాను కట్టక బడికి పోయినాడని మందలించని తల్లిదండ్రులు లేరు. ఆ ఫ్యాను పది గంటలు వృథాగా తిరిగినను సుమారు అర కిలో వాయువునకే కారణమగును. అంతకు సుమారు తొమ్మిదింతల వాయువును ఒక్క దినపు ఆఫీసు ప్రయాణమున విడుచుచు, ఆ లెక్క యెన్నడును వేసికొనకుండుట మన సంసారములలోని పెద్ద లోపము.

రోడ్లు పెంచినచో చిక్కు తీరునని ఇంతకాలము నమ్మితిమి. 1998లో ఐటీ సంస్థల కొఱకు సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతము పెరిగిన వేగమును అందుకొనుటకై మైండ్‌స్పేస్ యొద్ద, బయోడైవర్సిటీ యొద్ద, కొత్తగూడ యొద్ద వంతెనలు లేచినవి; దుర్గం చెరువుపై 2020లో తీగల వంతెన వెలసినది. ప్రతి వంతెనయు ఒక కూడలి భారమును దించి, తరువాతి కూడలి నెత్తిన పెట్టినది. దారి వెడల్పైన కొలది కొత్త కారు కొనవలెనను కోరికయు పెరుగునే గాని తరుగదు.

మార్గాంతరము లేదా యన్నచో, కలదు. లింగంపల్లి నుండి ఎమ్మెమ్టీఎస్ లోకల్ రైళ్లు 2003 నుండి నడచుచున్నవి. మెట్రో 2019 మార్చిలో హైటెక్ సిటీకిని, ఆ నవంబరులో రాయదుర్గమునకును చేరినది. సికింద్రాబాదు నుండి 10హెచ్, కోఠి నుండి 127కె బస్సులు కొండాపూరునకు వచ్చుచున్నవి. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకము క్రింద ఆడువారికి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితము. ఇన్ని యుండియు మధ్యతరగతి ఉద్యోగి కారు తాళముల కొఱకే చేయి చాచుటకు ప్రధాన హేతువు స్టేషను దాటిన తరువాతి రెండు కిలోమీటర్లు. హైటెక్ సిటీ స్టేషనులో రైలు దిగి నడచువానికి కాలిబాటపై ఒకచోట ట్రాన్స్‌ఫార్మరు, ఒకచోట నిలిపిన మోటారు సైకిళ్లు, ఒకచోట మూత లేని గుంట ఎదురగును. వాన కురిసిన సాయంకాలము మోకాటిలోతు నీటిలో, హారన్ల నడుమ, చెప్పులు చేతబట్టుకొని నడచిన యువతి మరునాడే స్కూటరు కొనుటకు నిశ్చయించుకొన్నచో, ఆమెను నిందించు అర్హత పాలకులకు లేదు.

విద్యుద్వాహనములు సర్వరోగ నివారిణియని తలచుటయు పొరపాటే. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము వానికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించుట స్వాగతింపదగినదే. కాని మన విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గునుండియే పుట్టుచుండుటచే, 30 కిలోమీటర్లకు విద్యుత్ కారు వెనుక మూడు కిలోలకు పైగా వాయువు నిలుచును. అదే దూరమునకు విద్యుత్ స్కూటరుకు ఒక యూనిటు చాలును, అనగా ముప్పాతిక కిలోకు లోపు. పైగా కారు ఏ శక్తితో నడచినను రోడ్డుపై ఆక్రమించు చోటు ఒక్కటే.

వృద్ధులను ఆసుపత్రికి తీసికొనిపోవుటకు, అర్ధరాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చుటకు కారు అవసరమే. దానిని ఎవరును కాదనరు. ఒక్కని ఆఫీసు రాకపోకలకై ఇంటికి రెండవ కారు తెచ్చుటను మాత్రము మేము నిర్ద్వంద్వముగా వ్యతిరేకించుచున్నాము. వారమున మూడు దినములైనను ఉన్న కారు గుమ్మము కదలరాదు. ఉద్యోగులకు ఉచితముగా పార్కింగు నిచ్చు సంస్థలు, అంతే విలువగల మెట్రో, బస్సు పాసులను కారు తేనివారికి ఈయవలెను. రాయదుర్గము నుండి కోకాపేటకు, మియాపూరు నుండి పటాన్‌చెరుకు ప్రతిపాదించిన మెట్రో మార్గములు వచ్చునాటికి వచ్చును. అంతవరకు వేచియుండనక్కఱలేని పని స్టేషన్లనుండి ఆఫీసులకు చిన్న బస్సులను నడుపుట, కాలిబాటలను నడచువారికి తిరిగి యప్పగించుట. దీనికి వేల కోట్లు వలదు; సంకల్పము వలయును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలన్నారు. రైలు నిండుగా నడచినగాని మరియొక రైలు వేయరు, కాలిబాటపై నడచువారు పెరిగినగాని దాని గుంటలు పూడ్చరు. కావున రేపటి ఉదయము గేటు తీయుటకు ముందు ప్రతి ఇంటివారును ఆ 4.6 కిలోలను ఒకమారు తలచుకొని, స్టేషను వైపు అడుగు వేయుదురు గాక. అట్లు నడచి వచ్చినవారు కాలిబాట కొఱకు నిలదీసినపుడు పాలకులు వినక తప్పదు.