తొక్కుడుబిళ్ళ గడుల్లో టెన్సులు

‘గో, వెంట్, గాన్’ వరసను మన ప్రాథమిక పాఠశాలల పిల్లలు ఎక్కాల్లాగే అప్పజెబుతారు. నిన్న ఎక్కడికి వెళ్ళావో ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం ‘ఐ డిడ్ వెంట్’ అని ఆగిపోతారు. కాలం తెలియక కాదు. ఇంట్లో అమ్మతో మాట్లాడేటప్పుడు ఏ పిల్లా నిన్నటి సంగతిని రేపటిలా చెప్పదు. కాలాన్ని రెండు భాషలూ ఒకేలా పంచుకోలేదు, చిక్కంతా అక్కడుంది. ‘బడికి వెళ్తాను’ అంటే తెలుగులో రోజూ వెళ్ళడమూ అవుతుంది, రేపు వెళ్ళడమూ అవుతుంది. ఇంగ్లీషులో వీటికి సాధారణంగా వేరువేరు రూపాలు వాడాలి. ‘వచ్చాను’ అనే ఒక్క మాట ‘ఐ కేమ్’కీ ‘ఐ హ్యావ్ కమ్’కీ సరిపోతుంది. నల్లబల్ల మీద గీసే పన్నెండు గడుల టెన్సుల పట్టిక ఈ తేడాను ఎక్కడా చెప్పదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక ఈ లోటు మరింత బరువైంది. ఇప్పుడు లెక్కల పాఠం అర్థం కావాలన్నా క్రియ ఏ కాలంలో ఉందో పోల్చుకోవాల్సిందే.

అందుకే టెన్సులు ఆటతో మొదలు కావాలి, ఆ ఆట పిల్లల తెలుగు నుంచి పుట్టాలి. నేల మీద ‘నిన్న’, ‘రోజూ’, ‘రేపు’ అని మూడు గడులు గీస్తే చాలు. బిళ్ళ ఏ గడిలో పడితే ఆ కాలానికి తగ్గట్టు ఒకే పనిని ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చెప్పాలి. ‘రోజూ’ నుంచి ‘రేపు’లోకి గెంతినా తెలుగులో ‘ఆడతాను’ మారదు. ఇంగ్లీషులో ‘ప్లే’ కాస్తా ‘విల్ ప్లే’ అవుతుంది. ఆ తేడాను పిల్ల తానే పట్టుకుంటుంది. పిల్లలు సూత్రాన్ని వాడుక నుంచే పట్టుకోగలరని భాషా పరిశోధకురాలు జీన్ బెర్కో 1958లోనే చూపించింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న చిన్నపిల్లలకు బొమ్మలు చూపి, లేని క్రియలను కల్పించి చెబితే, వాటికీ చాలామంది సరైన ప్రత్యయాలు చేర్చారు. మన పిల్లలకు ఇంగ్లీషు ఇంటి భాష కాదు, నిజమే. చుట్టూ వినబడని భాషను పదేపదే నోట పలికించే సందర్భం బడే కల్పించాలి కాబట్టి, వీళ్ళకు ఆట అవసరం ఇంకా ఎక్కువ.

ఆటలతో సిలబస్ పూర్తికాదని, ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో ఇది సాగదని అంటారు. సుద్దముక్క, బిళ్ళ తప్ప మరేమీ అక్కర్లేని ఆట ఇది. నలుగురేసి జట్లుగా ఆడితే, ఉపాధ్యాయుడు ఒక తరగతి దగ్గర ఉన్నప్పుడు రెండో తరగతి తనంతట తాను నడుస్తుంది. ‘వెంట్’, ‘బాట్’, ‘కాట్’ వంటి రూపాలను గుర్తుపెట్టుకోవాల్సిందేనన్న వాదన మాత్రం న్యాయమైనదే. ఏ ఆటా వాటిని సూత్రంగా మార్చలేదు. అయితే కంఠస్థం చేసిన ‘వెంట్’ నిన్నటి సంత గురించి చెప్పే వాక్యంలోకి రాకపోతే అది నిలవదు. పట్టికను పారేయమని ఎవరూ అనడం లేదు, ఆట తర్వాత అది రావాలి.

అసలు అడ్డంకి ప్రశ్నపత్రం. ఖాళీలు పూరించడానికే మార్కులిస్తే ఉపాధ్యాయుడు ఖాళీలే నేర్పుతాడు. పాఠశాల విద్యాశాఖలు ఆ ప్రశ్నల్లో సగమైనా తీసేసి, నిన్న చేసిన మూడు పనులు నోటితో చెప్పమని పిల్లల్ని అడగాలి.