వెళ్తే తాళం వేసుంది

తెలుగులోకి వచ్చిన అనువాద కథలు నాలుగైదు వరసగా చదివితే ఇలాంటి వాక్యం ఒకటైనా తగులుతుంది: "తలుపు చప్పుడైనప్పుడు ఆమె ఉత్తరం చదువుతోంది." తప్పేముంది? కర్త, కర్మ, క్రియ అన్నీ ఉన్నాయి. ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు కాబట్టి భాషాభిమానులకూ అభ్యంతరం ఉండదు. నాకుంది. ఈ వాక్యంలో తలుపు చప్పుడు నాకు వినపడలేదు.

మూలం ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 'షీ వజ్ రీడింగ్ ద లెటర్ వెన్ సమ్‌బడీ నాక్డ్.' ఇంగ్లీషులో 'వెన్' తగిలించుకున్న ముక్క వ్యాకరణం లెక్కన ఉపవాక్యమే. కానీ ఇలా చివర్లో వచ్చి కూర్చున్నప్పుడు అసలు వార్త దానిదే. చదవడం నేపథ్యం, తలుపు కొట్టడం సంఘటన. తెలుగులో ఆ పని మామూలుగా చివరి సమాపక క్రియది. అందుకే మనం "ఆమె ఉత్తరం చదువుతుండగా ఎవరో తలుపు కొట్టారు" అంటాం. అనువాదకుడు 'వెన్' కనపడగానే ఆ క్రియకు 'నప్పుడు' అతికించి ముందుకు తోశాడు. దాంతో సంఘటన నేపథ్యమైపోయింది, నేపథ్యం సంఘటనై కూర్చుంది. "తలుపు కొట్టినప్పుడు ఆవిడ ఏం చేస్తోంది?" అని పోలీసులు అడిగితే చెప్పే జవాబు ఇది. కథ కాదు.

నా గొడవ ఇంగ్లీషు మాటల మీద కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి, రోజంతా వాటి మధ్యే బతుకుతాను. "నేను లాగిన్ అయ్యేసరికి సర్వర్ డౌన్ అయిపోయింది" అనేది నా దృష్టిలో శుభ్రమైన తెలుగు వాక్యం. మాటలు మూడు అరువువే, కానీ రెండు పనుల్నీ కాలంతో కలిపే కీలు మనది. పూర్తిగా తెలుగు మాటలే వాడి, కీలు మాత్రం ఇంగ్లీషుది పెట్టిన వాక్యాన్ని ఎవరూ పట్టుకోరు. అసలు నష్టం అక్కడ జరుగుతోంది.

ఆ కీళ్ళు మనకు ఎన్ని ఉన్నాయో చూడండి. వస్తూ, వస్తూనే, వస్తుండగా, వచ్చి, వచ్చాక, రాగానే, వచ్చేసరికి, వచ్చేలోపు, వచ్చేదాకా, రాకముందే, వచ్చీ రాగానే, వచ్చాడో లేదో. దేని పద్ధతి దానిది. 'తూ'కి రెండు పనులూ ఒకరే చెయ్యాలి. "బస్సు దిగుతూ ఫోన్ చేశాడు" బాగుంటుంది. "బస్సు దిగుతూ ఫోన్ మోగింది" అంటే ఫోనే బస్సు దిగినట్టు. 'వచ్చి, తిని, కూలి' లాంటివాటికీ చాలావరకు అదే రూలు. అయినా "గోడ కూలి ఇద్దరు చనిపోయారు" అని పేపర్లో చదివినప్పుడు ఎవరమూ తడబడం. అక్కడ ముందూ వెనకా అన్న వరస కారణంగా మారిపోయింది. "వాళ్ళు రాకముందే సర్దెయ్" అన్నప్పుడు, ఇంకా జరగని పనిని 'రాక' అని వ్యతిరేకంలోనే చెబుతాం. ఇంగ్లీషు 'బిఫోర్'లో ఆ 'లేదు' పైకి కనపడదు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది 'తే'. బళ్ళో దాన్ని చేదర్థకం అని బట్టీపట్టించారు. 'చేత్' అంటే సంస్కృతంలో 'అయితే' అని. షరతు అన్నమాట. "నాన్న వస్తే చెప్తాను" వరకు ఆ పేరు సరిపోతుంది. మరి "వాళ్ళింటికి వెళ్తే తాళం వేసుంది" మాటేమిటి? ఇందులో షరతు లేదు. ఉత్త కాలం కూడా కాదు. ఏదో అనుకుని వెళ్ళాను, అక్కడ ఇంకేదో ఎదురైంది. ఆ ఎదురవడమంతా ఒక్క 'తే'లో ఉంది. దాన్ని "వెళ్ళినప్పుడు తాళం వేసి ఉంది" అని రాస్తే సమాచారం మిగులుతుంది, వెళ్ళిన మనిషి ఉసూరుమనడం పోతుంది. ఇంగ్లీషువాడు అదే చెప్పాలంటే 'ఓన్లీ టు ఫైండ్' అని వేరే మాటలు వెతుక్కోవాలి.

ఈ తప్పు నేనూ చేశాను. తాతయ్య పోయిన రోజు అమ్మ ఫోన్లో, "పొద్దున్నే కాఫీ పట్టుకెళ్తే, తాతయ్య లేరు" అంది. కొన్నాళ్ళకి ఆయన గురించి ఒక వ్యాసం రాస్తూ ఆ వాక్యాన్ని నేను చక్కదిద్దాను: "అమ్మ కాఫీ తీసుకువెళ్ళినప్పుడు తాతయ్య మరణించి ఉన్నారు." మంచి గ్రాంథికపు గాంభీర్యం వచ్చిందనుకున్నాను. అమ్మ చదివి, "ఎవరి గురించో రాసినట్టుంది" అని ఊరుకుంది. నేను దేన్నీ అనువదించలేదు. కానీ ఆ వాక్యం నా బుర్రలో ముందు ఇంగ్లీషులో తయారైంది. నాలాగా ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంగ్లీషులో ఈమెయిళ్ళు రాసి, రాత్రి పదింటికి తెలుగులో కథ మొదలుపెట్టే వాళ్ళందరికీ ఈ ప్రమాదం ఉంది. అచ్చులో లేని మూలాన్ని అనువదిస్తున్నాం.

భాష మారుతుంది కదా అంటారు. మారాలి. "ఎప్పుడైతే ఉద్యోగం మానేశాడో అప్పుడే నిద్ర పట్టడం మొదలైంది" అన్న వాక్యానికి నేను అడ్డు చెప్పను. అక్కడ ఆ నొక్కు కావాలి. కానీ ప్రతి 'వెన్'కీ, ప్రతి 'ఆజ్'కీ 'ఎప్పుడైతే' అనో 'నప్పుడు' అనో రాయడం పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదవడమే. పన్నెండు కీళ్ళున్న చోట పదమూడోది చేరితే దాన్ని మార్పు అందాం. పన్నెండూ ఊడగొట్టి ఒక్కటి బిగిస్తే దాన్నేమనాలి?

ఎడిటర్లతో నాదొక మనవి. ఒత్తులు సరిచూస్తున్నారు, ఇంగ్లీషు మాటలకు గీత పెడుతున్నారు. సంతోషం. ఈసారి కథ మీ చేతికొస్తే 'నప్పుడు' ఉన్న ప్రతి వాక్యం దగ్గరా ఒక్క క్షణం ఆగండి. తీసెయ్యమనడం లేదు, అది కావలసిన చోట ఉండనివ్వండి. ఇందులో వార్త ఏ క్రియది, అది చివరికి వచ్చిందా అని మాత్రం చూడండి. అనుమానమొస్తే పైకి చదవండి.

నా వ్యాసంలో ఆ ఒక్క వాక్యాన్నీ మార్చాను. ఇప్పుడు అమ్మ అన్నట్టే ఉంది.